చెరువు నీళ్ల రిపోర్టు నా చేతిలో ఉంది, ఎవరికి చెప్పాలి?

హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఊరి పేరు, చెరువు పేరు, మనుషులను గుర్తుపట్టించే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. చిన్నప్పుడు మోటబావిలో నడుముకు బెండు కట్టి ఈత నేర్పింది ఆమె చిన్నబాపు, అంటే చిన్నాన్న. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం వచ్చాక నీళ్ల మొహం చూడలేదు. రెండేళ్ల కిందట మళ్లీ మొదలుపెట్టారు. నగరంలోని ఈతకొలనులో ఆడవాళ్లకు ఇచ్చే ఒక్క గంటలో కాలు చాపే సందు ఉండదు. అందుకని ఆదివారం తెల్లవారుజామున సొంతూరికి వెళ్లి చెరువులో ఈదుతున్నారు. తోడుగా చిన్నబాపు, ఇద్దరు తోటి ఉపాధ్యాయులు, ఊరి కుర్రాళ్లు కొందరు. గోవాలో జరిగే, ఈత, సైకిల్, పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో ముగ్గురు కలిసి చేసే రిలేకు పేరిచ్చారు. అందులో 1.9 కిలోమీటర్ల సముద్రపు ఈత ఈమె వంతు.

జూలైలో రాత్రంతా వాన కొట్టిన మర్నాడు కూడా వీళ్లు చెరువులో దిగారు. వారం తిరగకముందే తోటి టీచర్ జ్వరం, విరేచనాలతో ఆసుపత్రిలో చేరారు. ఈమెకు చెవిపోటు వచ్చింది. తర్వాత ఒకరోజు కట్ట వెంబడి నడుస్తుంటే, కొత్తగా లేచిన కాలనీ మురుగును వాగులోకి వదిలి ఉండటం కనబడింది. ఆ వాగే చెరువును నింపేది. ఎవరికీ చెప్పకుండా సీసాలో నీళ్లు పట్టి ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించారు. 100 మిల్లీలీటర్లకు ఫీకల్ కోలిఫాం, అంటే మలంలో ఉండే బ్యాక్టీరియా, 1,700 అని వచ్చింది. ఒక స్నేహితురాలు "పరిమితిలోనే ఉంది" అన్నారు, మరొకరు "మూడింతలు దాటింది" అన్నారు.

చిన్నబాపుకు చూపిస్తే ఆయన మాట ఇది: "ఈ నీళ్లు తాగి పెరిగినం బిడ్డా, మాకేం కాలే. ఇది బయటపెడితే గంగపుత్రుల చేప ఒక్కటి అమ్ముడువోదు. వాళ్ల నోటికాడి బుక్క తీసినట్టయితది." భర్త ఏమో ఆ కాగితం చింపేసి ఈత మానెయ్యమంటున్నారు. ఇవేవీ తెలియని 14 ఏళ్ల కొడుకు వచ్చే ఆదివారం తననూ తీసుకుపొమ్మంటున్నాడు. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "నోరు మూసుకుంటే పిల్లలు అదే నీళ్లల్ల దిగుతున్నరు. నోరు విప్పితే ఊరంత నన్ను తిడుతది. నేనేం చెయ్యాలె?"

టీచరమ్మా,

ముందు ఆ 1,700 సంగతి తేల్చుకుందాం. మీ స్నేహితురాళ్లిద్దరూ చెప్పింది నిజమే. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానపు నీళ్లకు ఫీకల్ కోలిఫాం విషయంలో రెండు హద్దులు పెట్టింది. 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉంటే మంచిది, ఎట్టి పరిస్థితిలోనూ 2,500 దాటొద్దు. మీ అంకె ఆ రెంటి నడుమ పడింది. ఒకరు పై హద్దు చూశారు, ఒకరు కింది హద్దు చూశారు. నన్నడిగితే మీరు కింది హద్దునే పట్టుకోవాలి. రేవులో మూడు మునకలు వేసి గట్టెక్కే మనిషి వేరు, గంటసేపు ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి తీసుకున్నప్పుడల్లా కాసిన్ని మింగే మనిషి వేరు.

ఇంకో మాట. ఆ పరీక్ష లెక్కపెట్టే బ్యాక్టీరియాలో చాలావరకు మనకు జబ్బు చేసేవి కావు. నీళ్లలో మలం కలిసిందని చెప్పడమే వాటి పని. అది బర్రెలను కడిగినప్పుడు కలిసిందో, మనుషుల మరుగుదొడ్ల నుంచి వచ్చిందో ఆ అంకె చెప్పదు. రెంటికీ తేడా ఉంది. టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ మనుషుల మురుగుతోనే వస్తాయి. కాబట్టి మీరు కట్ట మీది నుంచి కళ్లారా చూసిన మురుగు కాలువ ఆ కాగితం కంటే పెద్ద సాక్ష్యం. రిపోర్టు చించినా కాలువ అక్కడే ఉంటుంది.

రిపోర్టును కూడా మరీ గట్టిగా నమ్మకండి. మీరు నీళ్లు పట్టిన సీసా ఎలాంటిదో రాయలేదు. ఇంట్లో కడిగిన మంచినీళ్ల సీసా అయితే ఆ అంకెకు విలువ తక్కువ. ల్యాబు వాళ్లే క్రిములు లేకుండా శుద్ధి చేసిన సీసా ఇస్తారు. మూత లోపలి భాగాన్ని వేలితో ముట్టకుండా, ఒడ్డున బురద కలపకుండా, నీటి పైపొర వదిలి జానెడు కింద ముంచి పట్టాలి. ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. వాగు కలిసే చోట ఒకటి, మీరు దిగే రేవులో ఒకటి, కట్ట నడిమి భాగంలో లోతుగా ఉన్నచోట ఒకటి పట్టండి. మీరు ఈదే వేళకే పట్టండి. ఎండకు ఈ బ్యాక్టీరియా చస్తుంది కాబట్టి మధ్యాహ్నం తీసిన నమూనాలో తక్కువ కనిపిస్తుంది, తెల్లవారుజామున ఎక్కువ ఉంటుంది. మీరు దిగేది తెల్లవారుజామునే కదా. వారం రోజులు వాన లేనప్పుడు ఒకసారి, గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి పరీక్ష చేయిస్తే చెరువు తీరు తెలుస్తుంది. ఒక్క సీసాతో చెరువు మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం.

తోటి టీచర్ జబ్బు చెరువు వల్లే వచ్చిందా అన్న అనుమానం మిమ్మల్ని తొలిచేస్తోంది. అది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ఆ వారం ఆయన బయట ఏం తిన్నారో, ఎక్కడి నీళ్లు తాగారో మనకు తెలియదు. అయితే వాన వెలిసిన మర్నాడు దిగడం మాత్రం ప్రమాదమే. గట్టి వాన వీధుల్లోని మురుగు, పెంటకుప్పల ఊట, పొలాల మందులు అన్నీ ఊడ్చుకొచ్చి చెరువులో పోస్తుంది. కనీసం మూడు రోజులు ఆగడం బహిరంగ జలాల్లో ఈదేవాళ్లు పాటించే పద్ధతి. వాగు ఇంకా ఎర్రగా పారుతుంటే మూడు రోజులు దాటినా దిగొద్దు.

వానాకాలంలో మన దగ్గర నేను అన్నింటికంటే ఎక్కువ భయపడేది ఎలుక జ్వరానికి. డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకలు, పశువులు, కుక్కలు, పందుల మూత్రం ద్వారా నీళ్లలో కలిసి, కాలి మీది గీతల నుంచి, కళ్లు ముక్కు నోటి పొరల నుంచి ఒంట్లోకి పోతుంది. సాధారణంగా ఐదు రోజుల నుంచి రెండు వారాల్లో బయటపడుతుంది, ఒక్కోసారి నెల కూడా పడుతుంది. హఠాత్తుగా జ్వరం, తలనొప్పి, పిక్కలు పట్టుకోనివ్వని నొప్పి, కళ్లు ఎర్రబడటం దీని గుర్తులు. ఆ రోజుల్లో డెంగీ, వైరల్ జ్వరాలు కూడా ఉంటాయి కాబట్టి డాక్టరుకు దీని మీదికి ధ్యాస పోకపోవచ్చు. "నేను చెరువులో ఈదుతాను" అన్న మాట మీరే ముందు చెప్పాలి. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది, ఆలస్యమైతే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. కాలికి పుండో, తెగిన గాయమో ఉన్న వారం ఈత మానుకోండి. మందుల షాపులో అడిగి ముందు జాగ్రత్త మాత్రలు వేసుకోకండి.

మెదడుకు సోకే అమీబా గురించి కూడా అడిగారు. 2024, 2025లలో కేరళ నుంచి వచ్చిన వార్తలు చూసి చాలామంది బెదిరారు. సోకేది చాలా అరుదు, సోకితే మాత్రం బతికేవాళ్లు బహు తక్కువ. అది నీళ్లు మింగితే రాదు, ముక్కులోకి ఎక్కితేనే వస్తుంది. వేడెక్కిన, లోతు తగ్గిన మంచినీళ్లలో పెరుగుతుంది. అంటే మన ఏప్రిల్, మే చెరువులు. ఆ రెండు నెలలు ముక్కుకు క్లిప్ పెట్టుకోవడం, ఇంకా మేలైతే చెరువు మానేయడం మంచిది. ఎండాకాలంలోనే నీటి మీద పచ్చరంగు ఒలకబోసినట్టు తెట్టె కడుతుంది. ఆ తెట్టెలో విషం ఉండొచ్చు. ఒంటికి దద్దుర్లు, వాంతులు, కొన్నిసార్లు కాలేయానికి హాని. ఆ నీళ్లు కాచినా విషం పోదు. తెట్టె కనిపించిన రోజు పశువులను కూడా నీళ్లకు దింపొద్దని ఊళ్లో చెప్పండి. చెవిపోటు మాటకొస్తే, ఈత అయ్యాక తల వంచి నీళ్లు కారనిచ్చి, మెత్తటి బట్టతో పైపైన తుడవండి. చెవి పుల్లలు వద్దు. మళ్లీ వస్తే చెవి డాక్టరుకు చూపించండి.

ఇంతవరకు క్రిముల గురించే మాట్లాడాను, మీరు అడిగింది దాని గురించే కాబట్టి. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుండె ఆగినంత పనైన వాక్యం వేరే ఉంది. "కట్ట వెంట తూము దాకా వెళ్లి తిరిగి వస్తాం" అని రాశారు. దయచేసి తూము దాకా వెళ్లకండి. యాసంగిలో పొలాలకు నీళ్లు వదిలినప్పుడు తూము దగ్గర పైన నీళ్లు కదిలినట్టే ఉండదు, కింద మనిషిని లాగేసి అడ్డంగా బిగించే ఒత్తిడి ఉంటుంది. ఎంత ఈతగాడైనా దాని ముందు నిలవలేడు. తూము ఎప్పుడు తెరిచారో పొలాలకు నీళ్లు వదిలే నీరటికి తెలుస్తుంది. దిగే ముందు ఆయనను అడగడం అలవాటు చేసుకోండి. చెరువు నిండి మత్తడి (అలుగు) దూకే రోజుల్లో అటు వైపు అసలు పోవద్దు.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. ఆ తర్వాత మొరం కోసం తవ్వినవాళ్లూ ఉన్నారు. నడుము లోతు అనుకున్నచోట అడుగు తీసి అడుగు వేస్తే రెండు నిలువుల గుంత ఉంటుంది. మన పల్లెల్లో పిల్లలు ఎక్కువగా పోయేది అలాంటి గుంతల్లోనే. దీనికి మంచి ఉపాయం మీ చేతిలోనే ఉంది. మే నెలలో నీళ్లు తగ్గినప్పుడు చిన్నబాపును వెంటబెట్టుకొని శిఖమంతా, అంటే చెరువు అడుగు నేలంతా నడవండి. గుంతలు ఎక్కడున్నాయో, వినాయక నిమజ్జనం తర్వాత మిగిలిన ఇనుప ఊచలు ఎక్కడ పొడుచుకొచ్చాయో ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ దారి వదిలి ఈదండి. వలలు ఏ వైపు కట్టారో చేపలు పట్టేవాళ్లను అడగండి. నడుముకు కట్టుకొని లాక్కెళ్లే నారింజరంగు గాలి సంచి ఒకటి ప్రతి ఒక్కరికీ కొనండి. అలసిపోతే పట్టుకోవచ్చు, కట్ట మీది మనిషికి మీరెక్కడున్నారో కనిపిస్తుంది. ఈదని మనిషి ఒకరు కట్ట మీద తప్పక ఉండాలి. ఉరుము వినబడితే బయటికి రావాలి.

ఇప్పుడు చిన్నబాపు మాట. "ఈ నీళ్లు తాగి పెరిగినం" అన్నది అబద్ధం కాదు. ఆయన తాగిన రోజుల్లో ఆ వాగు మీద కాలనీ లేదు, అన్ని ఇళ్ల మరుగుదొడ్లు ఒక్క కాలువలో కలవలేదు. అప్పటి చెరువు గురించి ఆయన సరిగ్గానే చెబుతున్నారు. ఆయన మీద వాదనలో గెలవాలని చూడకండి. ఒక ఆదివారం ఈతకు బదులు ఆ కాలువ కలిసే చోటికి తీసుకుపోయి నిలబెట్టండి. వాసన చూశాక ఆయన ఏమంటారో వినండి. మీకు ఈత నేర్పిన మనిషిని నలుగురి ముందు కాగితం చూపించి తప్పు పట్టడం వేరు, ఆయన చెరువును ఎవరో పాడుచేస్తున్నారని ఆయనకే చూపించడం వేరు.

గంగపుత్రుల బతుకుదెరువు గురించి ఆయన పడ్డ భయానికి మాత్రం బరువుంది. దాన్ని తేలిగ్గా తీసేయొద్దు. "చెరువులో మలం ఉందట" అన్న ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు, సంతలో వాళ్ల చేప మిగిలిపోవడానికి. అయితే మీ రిపోర్టు ఈతకు సంబంధించింది, తిండికి కాదు. పేగులు తీసి, బాగా కడిగి, ఉడికించిన చేపలో ఈ బ్యాక్టీరియా బతకదు. శుభ్రం చేసేవాళ్లు చేతుల మీద గాయాలు లేకుండా చూసుకొని, సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది. ఆ మాట మీరు ముందే స్పష్టంగా చెప్పగలరు.

నిజానికి ఈ విషయంలో మీకు దగ్గరివాళ్లు వాళ్లే. మురుగు కలిసిన నీళ్లలో దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ప్రాణవాయువును తినేస్తాయి. మబ్బు పట్టి ఉక్కపోసిన రాత్రి గడిచాక తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, ఇంకా దిగజారితే వెల్లకిలా తేలుతాయి. ఇది వాళ్లకు మీకంటే, నాకంటే బాగా తెలుసు. వానాకాలంలో వదిలిన చేపపిల్లలు ఎదగకముందే చస్తే నష్టం వాళ్లదే. కాబట్టి రిపోర్టును ఊరి ముందు పెట్టకముందు మత్స్యకారుల సంఘం పెద్దలకు చూపించండి. ఈమధ్య చేపలు తేలాయా అని అడగండి. వాళ్లు అవునంటే ఫిర్యాదు మీ ఒక్కరి పేరు మీద పోదు.

మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి. మీ భర్త చెప్పినట్టు కాగితం చింపేసి ఈత మానేయొచ్చు. మీ ఆరోగ్యానికి ఢోకా ఉండదు, ఇంట్లో గొడవా ఉండదు. కానీ ఆ రేవులో మునిగే పిల్లల సంగతి మీకు తెలిసీ ఉంటుంది. మీ ఉత్తరం చదివాక, దాన్ని మీరు మోయగలరని నాకు అనిపించలేదు. మీతో ఈదేవాళ్ల వరకు చెప్పి ఆగొచ్చు. అది మీరు ఈ వారమే చేయాల్సిన పని, ఎందుకంటే ఆ టీచర్ కోలుకొని మళ్లీ వస్తారు, తెలిసి దిగడమో మానడమో ఆయన ఇష్టం కావాలి. అది చాలదనిపిస్తే మూడో దారి ఉంది. రెండోసారి సక్రమంగా నమూనాలు తీయించి, సంఘం వాళ్లతో కలిసి, కాలువ ఫొటోలతో పంచాయతీ కార్యదర్శికి, నీటిపారుదల శాఖ ఇంజినీరుకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇస్తే రసీదు అడిగి తీసుకోండి. నీటి కాలుష్య నివారణ చట్టం 1974 నుంచి ఉంది. వాగులో మురుగు కలపడం దానికి విరుద్ధం. ఫలితం నెలల తరబడి రాకపోవచ్చు. కాలనీలో మీ బంధువులో, మీ బడి పిల్లల తల్లిదండ్రులో ఉంటే మొహం చాటేసేవాళ్లూ ఉంటారు. దరఖాస్తులో మనుషుల పేర్లు రాయకుండా కాలువ కలిసే చోటును మాత్రం రాస్తే ఆ వేడి కొంత తగ్గుతుంది. నేనైతే రెండోదానితో మొదలుపెట్టి మూడోదానికి పోతాను. ఎంత వేగంగా అన్నది మీరు, చిన్నబాపు కూర్చొని నిర్ణయించుకోండి.

గోవా పోటీ విషయంలో ఒక చిక్కు ఉంది. అది సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో జరుగుతుంది. అంటే మీరు ఎక్కువగా సాధన చేయాల్సిన జూలై, ఆగస్టు, సెప్టెంబరులే చెరువు అన్నింటికంటే మురికిగా ఉండే నెలలు. ఈ ఏడాదే పోవాలనుకుంటే వారం మధ్యలో కొలనులో దూరం పెంచుకొని, వరుసగా వాన లేని రోజులు దొరికినప్పుడే చెరువులో దిగాలి. సాధన తగ్గుతుంది. మిగతా ఇద్దరికీ ఆ మాట ముందే చెప్పాలి. వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిలకడైన, చల్లని నీళ్లు మీకు దొరుకుతాయి. నాకు ఇదే మేలనిపిస్తోంది. వేరే చెరువు వెతుకుతానన్నారు. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, అందులో మొసళ్లున్నాయి. ధర్మసాగర్ నగరానికి తాగునీరిచ్చే జలాశయం, అందులో ఈదడం తప్పు. గోదావరి ఇసుక గుంతలు తెలియనివాళ్లకు అసలు పనికిరావు.

మీ అబ్బాయికి ఈ వానాకాలం వద్దని చెప్పండి, కారణం దాచకుండా చెప్పండి. కట్ట మీద కాపలా మనిషిగా తీసుకుపోండి, నమూనా సీసా మీద తేదీ, వేళ రాయమనండి. కొలనులో ఆగకుండా 400 మీటర్లు ఈదడం, వెల్లకిలా తేలి ఐదు నిమిషాలు ఉండటం వచ్చాక, నీళ్లు తేటపడ్డ చలికాలంలో మీ ఇద్దరి మధ్య ఉంచి దింపొచ్చు. అది కూడా రెండో రిపోర్టు చూశాకే. ఆ అంకెలు వచ్చినప్పుడు నాకు రాయండి, ఏ సీసా ఎక్కడ పట్టారో కూడా.